నిరూపించాల్సింది ఎవరు? అమెరికాలో నల్లజాతీయుల ఓటు హక్కు కథ

అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ 1870లో వచ్చింది. జాతిని బట్టో, ఒంటిరంగును బట్టో, ఒకప్పుడు బానిసగా ఉన్నాడన్న కారణంతోనో ఏ పౌరుడి ఓటునూ కాదనకూడదని అది సూటిగానే చెప్పింది. ఆ సవరణ ఏనాడూ రద్దు కాలేదు. అయినా 1964 నాటికి మిసిసిపీ రాష్ట్రంలో ఓటు వయసు వచ్చిన నల్లజాతీయుల్లో ఓటరు జాబితాకెక్కినవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు.

తొంభై ఏళ్ల పైచిలుకు రాజ్యాంగంలో ఒకటి రాసి ఉంటే ఊళ్లో ఇంకొకటి నడిచింది. ఎలా నడిచిందని అడిగితే చాలామందికి ముందు గుర్తొచ్చేది తెల్లజాతి దౌర్జన్య ముఠా కు క్లక్స్ క్లాన్ ముసుగులు, తుపాకులు, ఉరితాళ్లు. అవన్నీ నిజమే. కానీ భయపెట్టడం ఒక్కదాని మీదే ఏ ఏర్పాటూ అన్ని దశాబ్దాలు నిలబడదు. ప్రతి ఎన్నికకూ మనుషుల్ని కొట్టాలంటే కొట్టేవాళ్లకూ శ్రమే, పైగా పేపర్లకెక్కుతుంది. రోజువారీ పని నడిపింది కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, దాని కోర్టు భవనంలో ఓటర్ల పేర్లు నమోదు చేసే రిజిస్ట్రార్ ఆఫీసు. ఒక ఫారం, ఒక పన్ను రసీదు, ఒక గడువు తేదీ, ఒక పరీక్ష. వీటిలో ఎక్కడా జాతి ప్రస్తావన ఉండదు. అందుకే ఈ పోరాటం మొత్తం తిప్పి తిప్పి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చింది: తనకు అన్యాయం జరిగిందని ఓటరు నిరూపించుకోవాలా, అన్యాయం చేయడం లేదని ఆఫీసు నిరూపించుకోవాలా?

పేరెత్తకుండా తీసేసిన ఓటు

15వ సవరణ మాటల్లోనే ఒక సందు ఉంది. ప్రతి పౌరుడికీ ఓటు ఉంటుందని అది అనలేదు. ఫలానా కారణాలతో తీసేయకూడదని మాత్రమే అంది. అంటే ఇంకో కారణం చూపిస్తే తీసేయొచ్చన్నమాట.

అంతర్యుద్ధం ముగిశాక కొన్నేళ్లు దక్షిణాది రాష్ట్రాల్లో కేంద్ర సైన్యం ఉంది కాబట్టి నల్లజాతి మగవాళ్లు పెద్ద సంఖ్యలో ఓట్లు వేశారు. 1870లో మిసిసిపీ నుంచే హైరమ్ రెవెల్స్ అమెరికా సెనేట్‌లో తొలి నల్లజాతి సభ్యుడయ్యారు. 1877లో సైన్యం పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత కొంతకాలం బెదిరింపులు, దొంగ ఓట్లతో నెట్టుకొచ్చారు. ప్రతిసారీ అదే పని చేయడం పెత్తందార్లకే తలనొప్పి అయింది. చట్టబద్ధంగా కనిపించే దారి కావాల్సి వచ్చింది.

ఆ దారి మొదట వేసింది మిసిసిపీ, 1890లో, కొత్త రాష్ట్ర రాజ్యాంగంతో. ఏడాదికి 2 డాలర్ల పోల్ ట్యాక్స్, అంటే ఓటేయాలంటే కట్టాల్సిన పన్ను, కట్టి రసీదు చూపాలి. రాష్ట్ర రాజ్యాంగంలో ఏదైనా సెక్షన్ చదవాలి, లేదంటే చదివి వినిపించినప్పుడు అర్థం చెప్పాలి. కొన్ని నేరాల్లో శిక్ష పడితే ఓటు పోతుంది. ఆ నేరాల జాబితా చదివితే ఎవరికైనా అనుమానం వస్తుంది: దొంగతనం, ఇళ్లు తగలబెట్టడం, మొదటి పెళ్లి ఉండగా రెండో పెళ్లి చేసుకోవడం ఉన్నాయి, హత్యా అత్యాచారమూ మాత్రం లేవు. నల్లవాళ్లు ఎక్కువగా చేస్తారని ఆనాటి తెల్ల నాయకులు అనుకున్న నేరాలను ఏరి మరీ పెట్టారు. ఈ మాట తర్వాతి చరిత్రకారులు కల్పించింది కాదు. నల్లజాతి ఓటును అడ్డుకోవడానికి చేతికందిన ఉపాయాలన్నీ రాజ్యాంగ సభ వాడిందని 1896లో మిసిసిపీ సుప్రీంకోర్టే తీర్పులో రాసుకుంది. రెండేళ్ల తర్వాత, 1898లో, విలియమ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అదే రాజ్యాంగాన్ని పరిశీలించి, పైకి చూస్తే ఇందులో జాతిభేదం కనపడటం లేదని వదిలేసింది. చేసినవాళ్ల కోర్టు ఒప్పుకున్న విషయం, ఆపాల్సిన కోర్టుకు కనపడలేదు.

ఆ తీర్పు చూసి మిగతా రాష్ట్రాలకు ధైర్యం వచ్చింది. లూసియానా 1898లో 'తాత నిబంధన' తెచ్చింది. 1867 జనవరి 1 నాటికి ఓటున్నవాళ్లకూ, వాళ్ల కొడుకులకూ మనవళ్లకూ పరీక్షలు అక్కర్లేదు. ఆ తేదీకి అక్కడ నల్లజాతీయులకు ఓటే లేదు. 1896లో ఆ రాష్ట్రంలో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లుంటే, 1904కు 1,342 మంది మిగిలారు. అలబామాలో 1901 రాజ్యాంగ సభ అధ్యక్షుడు జాన్ నాక్స్ ప్రారంభోపన్యాసంలోనే దాపరికం లేకుండా చెప్పాడు: దేశ రాజ్యాంగం విధించిన హద్దులకు లోబడి ఈ రాష్ట్రంలో తెల్లజాతి ఆధిపత్యాన్ని నెలకొల్పడమే తమ ఉద్దేశమని.

ఆ ఏర్పాటు మీద మాంట్‌గమరీకి చెందిన జాక్సన్ గైల్స్ అనే నల్లజాతీయుడు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1903లో జస్టిస్ హోమ్స్ ఇచ్చిన జవాబు ఇప్పుడు చదివినా మింగుడుపడదు. తెల్ల జనం మూకుమ్మడిగా ఓటు ఇవ్వకూడదనుకుంటే కోర్టు చేయగలిగింది లేదు, రాజకీయంగానే పరిష్కారం వెతుక్కోవాలన్నారు. ఓటు లేదని కోర్టుకొచ్చిన మనిషిని ఓట్లతో తేల్చుకోమని పంపించారు.

బల్ల అవతలి మనిషి

చట్టం ఎంత తెలివిగా రాసినా, చివరికి దాన్ని నడిపేది రిజిస్ట్రార్. మిసిసిపీ రాజ్యాంగంలో 285 సెక్షన్లున్నాయి. ఎవరికి ఏ సెక్షన్ ఇవ్వాలో ఆయన ఇష్టం. ఒక వాక్యంలో తేలిపోయేవి కొన్ని, ప్లీడర్లకే కొరుకుడుపడనివి కొన్ని. రాసిన జవాబు సరిపోయిందో లేదో తేల్చేదీ ఆయనే. ఏది సరైన జవాబో ఎక్కడా రాసి ఉండదు. ఈ అధికారం ఎలా పని చేసిందో సుప్రీంకోర్టు 1966లో ఒక తీర్పు అడుగున ఉదాహరణలతో నమోదు చేసింది. లూసియానాలో రాజ్యాంగానికి వ్యాఖ్యానం రాయమంటే ఒక తెల్ల దరఖాస్తుదారు 'ఫ్రీడమ్ ఆఫ్ స్పీచ్' అనే మూడు మాటల్లో ఒక్కటి కూడా సరిగా రాయలేకపోయాడు, అక్షరాలన్నీ తారుమారు. పాసయ్యాడు. అలబామాలో ఒకటో తరగతి కూడా పూర్తిచేయని తెల్ల మనిషికి రిజిస్ట్రారే ఫారం మొత్తం నింపి పెట్టాడు. అదే అలబామాలో, టస్కీగీ కాలేజీలో పాఠాలు చెప్పే నల్లజాతి అధ్యాపకులు చదవడం రాయడం పరీక్షలో తప్పారు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1951 జనాభా లెక్కల్లో భారతదేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. అయినా 1951–52 తొలి సాధారణ ఎన్నికలకు 17 కోట్లకు పైగా జనాన్ని ఓటరు జాబితాలో చేర్చారు. సిబ్బందే ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నారు. చదువు రానివాళ్లు గుర్తు చూసి ఆ పెట్టెలో ఓటేశారు. కోస్తాలోనో రాయలసీమలోనో వేలిముద్ర వేసే కూలీ మనిషి ఓటేసి వచ్చిన రోజుల్లో, అలబామాలో డిగ్రీ ఉన్న టీచర్‌కు చదువు రాదని తేల్చారు. అమెరికాలో పేరు నమోదు చేయించుకోవడం పౌరుడి పూచీ. ఆఫీసు మన గుమ్మంలోకి రాదు, మనమే దాని గుమ్మం ఎక్కాలి. వివక్షకు కావాల్సిన చోటంతా ఆ గుమ్మం దగ్గరే దొరికింది.

ఆ గుమ్మం ఎక్కితే ఏమయ్యేదో ఫ్యానీ లూ హేమర్ అనుభవం చెబుతుంది. మిసిసిపీలో సన్‌ఫ్లవర్ కౌంటీలో పత్తి చేలల్లో పాలుకు పనిచేసే మనిషి ఆమె. నల్లవాళ్లకు ఓటు హక్కు ఉందని తనకు 44వ ఏట దాకా తెలియదని ఆమే చెప్పుకున్నారు. 1962 ఆగస్టు 31న మరో 17 మందితో కలిసి బస్సులో ఇండియనోలా కోర్టుకు వెళ్లారు. ఆమెకు వచ్చిన సెక్షన్ 'డి ఫ్యాక్టో' చట్టాల గురించి, అంటే పుస్తకంలో లేకపోయినా ఆచరణలో చెల్లే చట్టాల గురించి. ఆ మాట ఆమె అంతకుముందు విననే లేదు. పరీక్ష తప్పారు. తిరుగు ప్రయాణంలో పోలీసులు బస్సు ఆపి డ్రైవర్‌కు జరిమానా వేశారు. నేరం ఏమిటంటే బస్సు రంగు మరీ పసుపుగా ఉందట. ఇంటికి చేరేసరికి పొలం ఆసామికి కబురు అందిపోయింది: దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదంటే ఖాళీ చెయ్యి అన్నాడు. 18 ఏళ్లు పనిచేసిన చోటు. ఆ రాత్రే ఆమె బయటికి నడిచారు. పదిరోజులకు, ఆమె తలదాచుకున్న ఇంటి మీద 16 తూటాలు పేల్చారు.

అంత త్వరగా ఆసామికి ఎలా తెలిసిందన్నది పెద్ద చిక్కుప్రశ్నేం కాదు, చిన్న ఊళ్లలో కబుర్లు ఆగవు. అయినా కబుర్ల మీద ఆధారపడటం ఎందుకనుకున్నారేమో, దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు వరసగా రెండు వారాలు స్థానిక పత్రికలో ప్రచురించాలని మిసిసిపీ 1962లోనే చట్టం చేసింది. అభ్యంతరం ఉన్న ఓటర్లెవరైనా చెప్పొచ్చు. పైకి ఇది పారదర్శకత. జరిగింది మాత్రం యజమానికి, అప్పిచ్చిన షావుకారుకు, ఇంకా వెనకాల ఉన్నవాళ్లకు పేర్ల పట్టిక అందించడం. హేమర్ 1963 జనవరిలో మళ్లీ రాసి పాసయ్యారు. ఓటేయడానికి వెళితే పోల్ ట్యాక్స్ రసీదులు లేవని వెనక్కి పంపారు.

కేసుల వెనక పరుగు

కోర్టులు ఏమీ చేయలేదనడం సరికాదు. తాత నిబంధనను 1915లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వెంటనే ఒక్లహోమా కొత్త చట్టం చేసింది. పాత ఏర్పాటు కింద 1914లో ఓటేసినవాళ్లకు నమోదు అక్కర్లేదు, మిగతావాళ్లు 1916 ఏప్రిల్ 30 నుంచి మే 11 లోపు నమోదు కావాలి, లేకపోతే ఇక జన్మలో ఓటు లేదు. ఈ పన్నెండు రోజుల గడువు చెల్లదని తేలడానికి 1939 దాకా పట్టింది. టెక్సస్‌లో డెమొక్రాటిక్ పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, నల్లవాళ్లను రానీయకుండా చేసిన ఏర్పాటు మీద 1927లో, 1932లో, 1935లో, 1944లో నాలుగు కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. ఒకసారి గెలిస్తే రాష్ట్రం మాటలు మార్చి అదే పని మళ్లీ చేసేది. చివరి కేసు వేసింది హ్యూస్టన్ పళ్ల డాక్టర్ లోనీ స్మిత్, వాదించినవాళ్లలో థర్గుడ్ మార్షల్ ఒకరు.

1957, 1960 చట్టాలతో కేంద్ర న్యాయశాఖకే కేసులు వేసే అధికారం వచ్చింది. అప్పటికైనా బండి కదలాలి కదా. ఒక్కో కౌంటీ కేసుకు రికార్డులు జల్లెడ పట్టడానికే కొన్నిసార్లు 6,000 పనిగంటలు పట్టేవి. అలబామాలో కేసు వేస్తే రిజిస్ట్రార్లు రాజీనామా చేసి, కేసు వేయడానికి మనిషే లేకుండా చేశారు. ఫలితం అంకెల్లో చూస్తే నీరసం వస్తుంది: లూసియానాలో నల్లజాతీయుల నమోదు 1956లో 31.7 శాతం, 1965లో 31.8 శాతం. సెల్మా పట్టణం ఉన్న డాలస్ కౌంటీలో నాలుగేళ్లు కేసు నడిచి, వివక్ష ఉందని కోర్టులు రెండుసార్లు తేల్చాక, నల్లజాతి ఓటర్లు 156 నుంచి 383కు పెరిగారు. అర్హులు దాదాపు 15,000 మంది.

సెల్మా అనగానే అందరికీ ఎడ్మండ్ పెటస్ వంతెన గుర్తొస్తుంది. 1965 మార్చి 7న జాన్ లూయిస్, హోసియా విలియమ్స్ ముందు నడవగా వచ్చిన దాదాపు 600 మంది మీద పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో విరుచుకుపడటం టీవీలో దేశమంతా చూసింది. ఆ దృశ్యం లేకపోతే ఆ వేసవిలో చట్టం వచ్చేది కాదేమో. అయితే వంతెన ఎక్కడానికి ముందు వారాల తరబడి అక్కడ నడిచిన పోరాటం కోర్టు మెట్ల మీద క్యూ కోసం. నమోదు ఆఫీసు నెలకు రెండు సోమవారాలే తెరిచేవాళ్లు. మెట్ల మీద నిలబడినవాళ్లను షెరీఫ్ జిమ్ క్లార్క్ అరెస్టు చేసేవాడు. ఓటరు జాబితాలో ఉన్న నల్లవాళ్లకన్నా జైల్లో తనతో ఉన్నవాళ్లే ఎక్కువని మార్టిన్ లూథర్ కింగ్ సెల్మా జైలు నుంచి రాసింది అప్పుడే. ఫిబ్రవరిలో పక్క కౌంటీలోని మేరియన్‌లో జిమ్మీ లీ జాక్సన్ అనే యువకుణ్ని పోలీసు కాల్చాడు, ఎనిమిది రోజులకు చనిపోయాడు. వంతెన మీది ఊరేగింపు ఆ చావు నుంచి పుట్టింది.

తిరగబడ్డ భారం

1965 ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన ఓటింగ్ హక్కుల చట్టంలో చాలా సంగతులున్నాయి. అక్షరాస్యత పరీక్షలు ఆపడం, కేంద్రం తన మనుషుల్ని పంపి పేర్లు చేర్చడం వెంటనే ఫలితమిచ్చాయి. మిసిసిపీలో నల్లజాతీయుల నమోదు 1967కల్లా 60 శాతానికి దగ్గరైంది. సెల్మాలో 1966 ప్రైమరీలో షెరీఫ్ క్లార్క్ ఓడిపోయాడు. ఏ మెట్ల మీద నుంచి జనాన్ని ఈడ్చాడో ఆ మెట్లెక్కి ఓటర్లైనవాళ్లే ఓడించారు.

కానీ చట్టానికి ప్రాణం సెక్షన్ 5. 1964 నవంబరు 1 నాటికి పరీక్షల్లాంటివి పెట్టి, ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో నమోదో పోలింగో 50 శాతం దాటని రాష్ట్రాలు, కౌంటీలు ఇకమీదట ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందుగా కేంద్ర న్యాయశాఖ దగ్గరో వాషింగ్టన్‌లోని కోర్టు దగ్గరో అనుమతి తీసుకోవాలి. పోలింగ్ కేంద్రాన్ని వీధి అవతలికి మార్చినా సరే. ఈ మార్పు వల్ల నల్లజాతి ఓటర్లకు నష్టం లేదని రాష్ట్రమే నిరూపించాలి. నిరూపించేదాకా మార్పు అమల్లోకి రాదు. సౌత్ కెరొలినా దీన్ని సవాలు చేస్తే 1966లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కాలయాపన వల్ల కలిగే లాభాన్ని తప్పు చేసినవాళ్ల చేతి నుంచి తీసి బాధితుల చేతిలో పెట్టాలని అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ అనుకోవచ్చంది. ఆ తీర్పులో ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం లేదు. అప్పటిదాకా కేసు ఎన్నేళ్లు సాగితే అన్నేళ్లు రాష్ట్రానికి లాభం. ఇప్పుడు ఆలస్యం రాష్ట్రం నెత్తిన పడింది.

పేర్లు చేరాక అడ్డుకునే పద్ధతి మారింది. ఓటు వేయనిచ్చి, దాని బరువు తగ్గించడం. దీనికి నమూనా ముందే ఉంది: 1957లో అలబామా శాసనసభ టస్కీగీ పట్టణం హద్దులను చతురస్రం నుంచి 28 భుజాల వింత ఆకారానికి మార్చింది. దాదాపు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ పట్టణం బయట పడ్డారు. తెల్ల ఓటరు ఒక్కరూ పడలేదు. సుప్రీంకోర్టు 1960లో దాన్ని కొట్టేసింది. 1965 తర్వాత ఇంత మొరటుగా చేసే అవసరం లేకుండా వార్డులు తీసేసి ఊరంతా ఒకే నియోజకవర్గం చేశారు. అలబామాలోని మొబైల్ నగరంలో ఈ పద్ధతి అంతకుముందు నుంచే ఉంది: అప్పట్లో మూడోవంతు జనం నల్లజాతీయులు, ముగ్గురు సభ్యుల పాలక మండలికి ఊరంతా కలిసి ఓటేసేది. అప్పటిదాకా నల్లజాతీయులు ఒక్కరూ గెలవలేదు. దురుద్దేశం నిరూపిస్తేనే తప్పంటామని 1980లో సుప్రీంకోర్టు అంది. మనసులో ఏముందో ఎవరు నిరూపిస్తారు? 1982లో కాంగ్రెస్ చట్టంలోని సెక్షన్ 2ను సవరించి, ఫలితం వివక్షగా ఉంటే చాలంది.

ఇదే 1965లో, ఇదే కాంగ్రెస్, రెండు నెలల తేడాతో అక్టోబరు 3న సంతకమైన వలస చట్టాన్ని కూడా చేసింది. జాతిని బట్టి దేశాలకు వేసిన కోటాలు పోయి, భారతీయ డాక్టర్లకు, ఇంజనీర్లకు తలుపులు తెరుచుకున్నది దాంతోనే. అమెరికాలో ఇవాళ ఇంతమంది తెలుగువాళ్లున్నారంటే మూలం అక్కడుంది. అంతకుముందు 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని అదే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అడ్డు 1946 దాకా ఉంది. పౌరసత్వం లేనివాడికి ఓటు ప్రసక్తే రాదు. ఈ రెండు చట్టాల వెనకా ఉన్నది ఒకే ఉద్యమం తెచ్చిన ఒత్తిడి అన్న సంగతి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అంతగా వినపడదు.

ఒకే చట్టం, రెండు భారాలు

2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, ఏయే రాష్ట్రాలు ముందస్తు అనుమతి తీసుకోవాలో చెప్పే సూత్రాన్ని కొట్టేసింది. సూత్రం పోతే సెక్షన్ 5 పుస్తకంలో ఉండీ లేనట్టే. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. 1960ల, 70ల లెక్కలతో 2013లో కొన్ని రాష్ట్రాలనే అనుమానించడం ఏమిటన్నారు. దక్షిణాదిలో నల్లజాతీయుల పోలింగ్ చాలాచోట్ల తెల్లవాళ్లతో సమానమైందని లెక్కలు చూపించారు. ఆ లెక్కలు నిజమే. అయితే 2006లో ఇదే చట్టాన్ని సెనేట్ 98–0తో పొడిగించింది, వేల పేజీల సాక్ష్యం చూసి. వాన పడుతున్నప్పుడు తడవడం లేదు కదా అని గొడుగు పారేసినట్టుందని జస్టిస్ గిన్స్‌బర్గ్ అసమ్మతి తీర్పులో రాశారు.

ఎవరి మాట నిజమో తేల్చడానికి టెక్సస్ అనుకోకుండా ఒక ప్రయోగం చేసి పెట్టింది. పోలింగ్ దగ్గర ఫొటో గుర్తింపు కార్డు చూపాలని 2011లో చట్టం చేసింది. తుపాకీ లైసెన్స్ చెల్లుతుంది, యూనివర్సిటీ విద్యార్థి కార్డు చెల్లదు. కార్డు చూపమనడం మనకు కొత్తా కాదు, తప్పూ కాదు. మన దగ్గర ఓటరు కార్డు ఉచితంగా ఇస్తారు, అది లేకపోతే చూపడానికి ఇంకో డజను దాకా కాగితాల జాబితా ఉంటుంది. ఏ కార్డు చెల్లుతుంది, అది తెచ్చుకోవడానికి ఎంత తిరగాలి అన్నదే అసలు లెక్క. టెక్సస్‌లో కార్డిచ్చే ఆఫీసు లేని కౌంటీలున్నాయి. కొందరికి రానూపోనూ 200 మైళ్లకు పైగా. డాలస్ శివార్లలో ఉండే తెలుగు కుటుంబానికి జేబులో డ్రైవింగ్ లైసెన్స్ ఉంటుంది కాబట్టి ఇలాంటి చట్టం వచ్చిందని కూడా తెలియకపోవచ్చు. కారు లేని ముసలమ్మకు తెలుస్తుంది.

సెక్షన్ 5 ఉన్నప్పుడు టెక్సస్ వాషింగ్టన్ కోర్టుకు వెళ్లి నష్టం లేదని నిరూపించాల్సి వచ్చింది. నిరూపించలేకపోయింది. 2012 ఆగస్టులో చట్టం ఆగిపోయింది, ఒక్క ఎన్నికలోనూ వాడకుండానే. షెల్బీ తీర్పు వచ్చిన రోజే, కొన్ని గంటల్లో, అదే చట్టం అమల్లోకి వస్తోందని రాష్ట్రం ప్రకటించింది. ఈసారి నిరూపించాల్సింది ఓటర్లు. కేసు వేశారు, 2014లో విచారణలో గెలిచారు. ఎన్నిక దగ్గరపడిందని సుప్రీంకోర్టు ఆ నవంబరుకు ఆ కార్డుల చట్టాన్నే నడవనిచ్చింది. చివరికి 2016 జులైలో అప్పీలు కోర్టు కూడా చట్టం ఫలితం వివక్షేనని తేల్చింది. అదే చట్టం, అవే కార్డులు, అదే జనం. భారం ఒకరి మీద ఉన్నప్పుడు ఒక్క ఓటూ పోలేదు. ఇంకొకరి మీదకు మారాక మూడేళ్లు గడిచాయి, మధ్యలో ఎన్నికలు జరిగిపోయాయి. నార్త్ కెరొలినాలోనూ ఇంతే. ఏ జాతి ఓటర్లు ఏ పద్ధతిలో ఓటేస్తారో లెక్కలు తెప్పించుకుని మరీ చేసిన 2013 చట్టం, నల్లజాతి ఓటర్లను దాదాపు శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా గురిపెట్టిందని కోర్టు అన్నది 2016లో.

కొత్త సూత్రం రాసుకోవచ్చని రాబర్ట్స్ తీర్పులోనే చెప్పారు. జాన్ లూయిస్ పేరుతో అలాంటి బిల్లు 2021లో ప్రతినిధుల సభ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది. 2006లో 98–0 అన్న సభ అదే.

పోల్ ట్యాక్స్ పోయిందనుకున్న చోట డబ్బు మళ్లీ తలెత్తింది కూడా. ఫెడరల్ ఎన్నికల్లో దాన్ని 1964లో 24వ సవరణ, రాష్ట్ర ఎన్నికల్లో 1966లో సుప్రీంకోర్టు తీసేశాయి. ఫ్లోరిడాలో శిక్ష పూర్తిచేసినవాళ్లకు ఓటు తిరిగి ఇవ్వాలని 2018లో దాదాపు 65 శాతం ఓటర్లు తీర్మానించారు. మరుసటి ఏడాదే, శిక్ష అంటే కోర్టు జరిమానాలు, ఫీజులు పైసాతో సహా కట్టడం కూడా అని శాసనసభ చట్టం చేసింది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఒకచోట చూసుకోవడానికి రాష్ట్రం దగ్గరే సరైన లెక్క లేదు. అప్పీలు కోర్టు 2020లో ఆ చట్టాన్ని నిలబెట్టింది.

2013 తర్వాత ఓటర్ల చేతిలో మిగిలిన ప్రధాన ఆయుధం సెక్షన్ 2, అంటే నష్టం జరిగాక మనమే కేసు వేసి గెలవాలి. గెలిచినా ఎలా ఉంటుందో అలబామాలో చూడొచ్చు. రాష్ట్ర జనాభాలో నల్లజాతీయులు దాదాపు 27 శాతం. పార్లమెంటు లాంటి ప్రతినిధుల సభకు ఏడు సీట్లు. 2021లో గీసిన పటంలో నల్లజాతి ఓటర్లు తమకు నచ్చినవాళ్లను గెలిపించుకోగల సీటు ఒక్కటే. ఈ పటం చట్టాన్ని ఉల్లంఘిస్తోందని ముగ్గురు జడ్జిల కోర్టు 2022 జనవరిలో తేల్చి కొత్తది గీయమంది. ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని ఆపింది. 2022 నవంబరు ఎన్నికలు పాత పటం మీదే జరిగాయి. 2023 జూన్‌లో అదే సుప్రీంకోర్టు 5–4తో కింది కోర్టు చెప్పిందే సరైనదంది. అలబామా శాసనసభ జులైలో మళ్లీ కూర్చుని, రెండో సీటులో నల్లజాతి ఓటర్లను 40 శాతం దగ్గర ఆపేసి ఇంకో పటం గీసింది. విసిగిపోయిన కోర్టు తన మనిషిని పెట్టి పటం గీయించింది. ఆ పటంతో 2024లో రెండో సీటులో షొమారీ ఫిగర్స్ గెలిచారు. ఆలోగా 2022లో పాత పటం మీద ఎన్నికైన ఏడుగురూ రెండేళ్ల పదవీకాలం నిండా సభలో కూర్చున్నారు. ఆ రెండేళ్లలో వాళ్లు సభలో వేసిన ఓట్లన్నీ చెల్లాయి.